పన్నెండు సెకన్ల దుప్పటి

నేను ఒక బొమ్మల బల్లను. ఆ సోమవారం పొద్దున మణెమ్మ నా అద్దం తుడుస్తోంది. ముందు తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డ, ఆ తర్వాత చీర కొంగు. మూడోది అక్కర్లేదు. అద్దం మీద రబ్బరు పొట్టు ఒక్క రవ్వ కూడా మిగల్లేదు. కానీ మనసు నిలకడగా లేని రోజుల్లో ఆమె చేతులు ఊరుకోవు.

"ఇంక చాలు మణెక్కా, అద్దం అరిగిపోతది," అంది కిటికీ దగ్గర కూర్చుని పెన్సిళ్లు చెక్కుతున్న రజియా.

"వాళ్లకు ఇంక తెల్లారలేదేమో," అంది మణెమ్మ, తుడవడం ఆపకుండా.

"తెల్లారాలె, లేవాలె, కాఫీ తాగాలె. అప్పుడు గదా మనం యాదికొచ్చేది."

వాళ్లు ఎదురుచూస్తున్నది బెల్జియంలోని గెంట్ అనే ఊరి నుంచి రావలసిన ఒక పరీక్ష కోసం. ఆ ఊరు నేను పుట్టిన ఊరు. ఆ పరీక్ష ఎందుకంత బరువో తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

నన్ను చేసినవాడు యోరిస్ అనే వడ్రంగి. బీచ్ కర్రతో, బడిపిల్లల డెస్కులాగా ఏటవాలుగా చేశాడు. నడుమ తిరిగే గుండ్రటి పళ్లెం ఒకటి, ఆ పళ్లెంలో గరుకు అద్దం, అద్దం కింద దీపం. పళ్లెం అంచున ఒక ఇత్తడి పట్టీ, దాని మీద మూడు చిన్న మేకులు. రంధ్రాలు పొడిచిన కాగితాన్ని ఆ మేకులకు తగిలిస్తే వెంట్రుకవాసి కూడా కదలదు. పళ్లెం ఎందుకు తిరగాలో యోరిస్‌కు బోధపడలేదు. చెయ్యి వాటంగా తిరగనప్పుడు కాగితాన్నే తిప్పుకోవాలని చెప్పారట. అతను తల ఊపి, ఇంటికి వెళ్లి భార్యకు చెప్పుకుని నవ్వి ఉంటాడు.

నా పని చిన్నది. చెయ్యి దించుకున్న మనిషి బొమ్మ ఒకటి, చెయ్యి ఎత్తిన మనిషి బొమ్మ ఒకటి నా మీద పెడతారు. పైన తెల్ల కాగితం వేస్తారు. కింద దీపం వెలిగిస్తే రెండు బొమ్మలూ కాగితంలోంచి కనిపిస్తాయి. ఆ చెయ్యి కింది నుంచి పైకి వెళ్లేలోపు ఎక్కడెక్కడ ఉంటుందో ఒక్కొక్క కాగితం మీద గీయాలి. వాటినే మధ్య బొమ్మలంటారు. తెర మీద పిల్లలు చూసి నవ్వే నక్క ఒక అడుగు వేయాలంటే ఎవరో ఒకరు ఒంగి అలాంటివి పది గీయాలి. గీసినవాళ్ల పేరు ఎవరూ అడగరు.

నా మొదటి యజమాని లీవ. మాట తక్కువ మనిషి. రొట్టె నా మీదే పెట్టుకుని తినేది. ఆమె ఒలకబోసిన జామ్ మరక ఒకటి నా ఎడమ అంచున ఇంకా ఉంది. ఆ స్టూడియోలో నావంటివి పదకొండు బల్లలు ఉండేవి, అందరూ కలిసి ఒక నక్క కథ చేసేవాళ్లు. అది ఆరు దేశాల టీవీల్లో వచ్చేది. ఎవరికి వాళ్లకు భాష వేరు, డబ్బు వేరు, పట్టింపులు వేరు. నక్క చుట్ట కాల్చకూడదని ఒక దేశం ఉత్తరం రాసింది. నక్క తోక మరీ ఎర్రగా ఉందని ఇంకో దేశం రాసింది. మూడో దేశం ఏమీ రాయకుండా ఏడాదిపాటు ఊరుకుని, తీరా కథ పూర్తయ్యాక నక్క బదులు ఉడుత అయితే బాగుండేదంది. ఒక నక్క నవ్వాలంటే ఆరు దేశాలు ఒప్పుకోవాలి. అలా ఒప్పించుకుంటూ బతకడమే అక్కడి బొమ్మల పరిశ్రమ. మనుషుల గురించి నేను మొట్టమొదట నేర్చుకున్నది కూడా అక్కడే. ఏటా చలికాలం రాగానే వాళ్ల పెన్సిళ్లు నా మీద కొంచెం గట్టిగా ఆనేవి. వచ్చే ఏడు టీవీవాళ్లు పని ఇస్తారో లేదో అనే భయం వేళ్లలోకి దిగేది.

ఒక చలికాలం ఆ భయానికి ఒక ఉపాయం దొరికింది. కదలిక మొదలూ చివరా చూపే ముఖ్యమైన బొమ్మలు గెంట్‌లో గీసి, మధ్య బొమ్మలు తక్కువలో అయ్యే చోటికి పంపుదామన్నారు. ఆ చోటు హైదరాబాద్. అక్కడివాళ్లకు పని నేర్పి రమ్మని లీవకు చెప్పారు. నన్ను, ఇంకో బల్లను చెక్కపెట్టెల్లో బిగించి ఓడ ఎక్కించారు.

హైదరాబాద్‌లో ఒక మేడ మీది స్టూడియోలో పెట్టె విప్పినప్పుడు నా చుట్టూ అరవై ముఖాలు. వాటిలో ఒకటి మణెమ్మది. సిద్దిపేటలో సైన్‌బోర్డులు రాసే పెయింటర్ కూతురు, వయసు ఇరవై రెండు. పక్కనే మలక్‌పేట రజియా, పెళ్లిళ్లలో మెహందీ పెట్టే పిల్ల. లీవకు తెలుగు రాదు, వీళ్లకు ఆమె ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆమె నాలుగు కాగితాలను అయిదు వేళ్ల సందుల్లో పట్టుకుని ఆడించి చూపేది. కాగితాలు ఆడుతుంటే బొమ్మ నడిచేది.

"ఈమె నోరు తెరవకుంటేనే మంచిగ సమజైతది," అని మణెమ్మ రజియా చెవిలో అన్నది నాకు వినిపించింది.

ఎనిమిది నెలలు నేర్పి, నన్ను మణెమ్మకు వదిలి లీవ వెళ్లిపోయింది. ఏడాదికొక ఉత్తరం రాసేది. తాను వెళ్లేసరికి గెంట్ స్టూడియోలో తొమ్మిది బల్లలు అమ్మేశారట. మధ్య బొమ్మల పనే లేనప్పుడు నేర్చుకునే పిల్లలూ రారని, పదేళ్లు పోతే ముఖ్యమైన బొమ్మలు గీసేవాళ్లు కూడా ఉండరని రాసింది. నాకు ఆ ఉత్తరం నచ్చలేదు. నిజమని తెలిసినవి వినడం బల్లలకు కూడా కష్టమే.

హైదరాబాద్‌లో మాత్రం ఇరవై ఏళ్లు పని ఆగలేదు. నక్క తర్వాత ఎలుగుబంటి, ఎలుగుబంటి తర్వాత ఒక దయ్యాల బడి, అన్నీ యూరప్ టీవీలకే. ఆ తర్వాత అక్కడి పిల్లలు టీవీ వదిలి ఫోన్లలోకి వెళ్లారు. ఇంట్లోనే సినిమాలు చూపించే పెద్ద పెద్ద కంపెనీలు వచ్చి మూడేళ్లు ఎడాపెడా పని ఇచ్చి, ఒక్క ఏడాదిలో చేతులు దులుపుకున్నాయి. హైదరాబాద్ స్టూడియో కూడా కంప్యూటర్లకు మారింది. బల్లలు తూకానికి వేసే రోజున మణెమ్మకు సన్మానం చేయబోయారు.

"శాలువా వద్దు సార్. ఆ బల్ల ఇయ్యున్రి," అంది.

ట్రాలీ ఆటోలో నాచారం వచ్చాను. పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. మణెమ్మ, డిగ్రీ చదివే కూతురు వెన్నెల, ఇద్దరే. రజియా రోజూ వచ్చేది. పని ఉంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చేవాళ్లు. పెళ్లి పత్రికల వీడియోలు, మందుల కంపెనీ వాళ్ల చిన్న చిన్న ప్రకటనలు. కొన్నాళ్లకు అవి కూడా ఫోన్లో నిమిషంలో చేసుకోవడం నేర్చుకున్నారు జనం. రజియా మగ్గం పనికి దిగింది. పెళ్లి జాకెట్ల మీద పూసలు కుట్టే పని. రోజంతా కుడితే సాయంత్రానికి వేళ్ల కొసలు మొద్దుబారి, పెన్సిల్ పట్టుకుంటే గీత వణికేది. మలక్‌పేటలోని షాపు యజమానురాలు ఆమెను పూర్తిగా పనిలోకి వచ్చేయమని అడుగుతోంది.

అలాంటి సమయంలో గెంట్ నుంచి ఆనెక్ రాసింది. లీవ చివరి శిష్యురాలు, ఏడుగురితో నడిచే చిన్న స్టూడియోకు పెద్ద. కాలువ గట్టున ఒంటరిగా బతికే ఒక ముసలావిడ మీద సినిమా తీస్తోంది, అంతా చేత్తో గీసిన బొమ్మలతో. డబ్బు పెట్టే మూడు దేశాలవాళ్లు మధ్య బొమ్మలు యంత్రంతో చేయించమంటున్నారు. అక్కడ ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. వయసైపోయి పని మానేసిన లీవను అడిగితే, ఆ చెయ్యి హైదరాబాద్‌లో ఉందని చెప్పిందట. పన్నెండు సెకన్ల దృశ్యం ఒకటి పంపుతాను, శుక్రవారం లోపు గీసి పంపండి, యంత్రం చేత కూడా అదే చేయిస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూసి వాళ్లు తేలుస్తారు అని రాసింది. చెయ్యి నెగ్గితే రెండేళ్ల పని. మణెమ్మ ఇంట్లో నలుగురు ఆడవాళ్లకు రెండేళ్ల పని.

"షాపామెకు శుక్రవారం చెప్తనన్న," అంది రజియా ఆ పొద్దున. "ఇది వస్తె దానికి సలాం. రాకపోతె దీనికి సలాం."

మధ్యాహ్నం రెండున్నరకు పరీక్ష వచ్చింది. వెన్నెల ప్రింట్లు తీసుకొచ్చింది. ముసలావిడ ఉతికిన దుప్పటిని రెండు చేతులా పట్టుకుని, ఒకసారి ఊపి, రెండోసారి గట్టిగా దులిపి, తీగ మీద వేస్తుంది. ముఖ్యమైన బొమ్మలు తొమ్మిది ఇచ్చారు. దుప్పటి ఫట్‌మని దులిపిన చప్పుడు, కాలువలో పడవ చప్పుడు, వాటి రికార్డు ఇచ్చారు. పదకొండో సెకనుకు చప్పుడు రావాలి, పన్నెండో సెకనుకు దుప్పటి తీగ మీద ఉండాలి. మిగతాదంతా వీళ్ల చేతుల్లోనిది.

"తడి దుప్పటి గీయాలంటె నాకు భయమే," అంది మణెమ్మ. "నీళ్లు ఉన్నంతసేపు కిందికి గుంజుతది, దులిపినంక తేలికైతది."

"దులిపి చూద్దాం పా," అని రజియా బాత్రూంలో నానబెట్టిన దుప్పటిని పిండి డాబా మీదికి పట్టుకుపోయింది. వెన్నెల ఫోన్‌లో వీడియో తీసింది. కిందింటి ఆమె పైకి చూసి, నీళ్లు మా మిర్చి మీద పడుతున్నయని అరిచింది. తిరిగి వచ్చాక వాళ్లు ఆ వీడియోను ఇరవైసార్లు చూశారు.

"గట్ల గాదు ఖాలా," అంది వెన్నెల రజియాతో. "నువ్వు కోపంగ దులిపినవ్. ఆ ముసలామెకు కోపమెందుకుంటది?"

"ఒక్కతే ఉంటుంది కదా బేటా. కోపమే ఉంటది. దుప్పటి మీదనే చూపిస్తది."

మణెమ్మ ముసలావిడ మోచేతులు గీసేటప్పుడు కొంచెం బిగుతుగా గీసింది. పని పంచుకున్నారు. మనిషి మణెమ్మకు, బట్ట రజియాకు. వాళ్లు మొదటి నుంచీ అలాగే చేసేవాళ్లు. దుప్పటి మడతలు గీయడంలో రజియాను మించినవాళ్లు అరవై మందిలో లేరు. మెహందీ గీసిన చెయ్యి కదా, గీత ఎక్కడ సన్నబడాలో దానికి తెలుసు.

మూడు రోజులు నా దీపం ఆరలేదు. నాకు వయసైంది, దీపం మధ్యలో ఒకసారి మినుకుమంది. ఇద్దరూ పెన్సిళ్లు ఎత్తి పట్టుకుని దాని కేసి చూశారు. దీపం నిలబడింది. ఆ మూడు రోజుల్లో నాకు గట్టిగా గుర్తున్నది అదే. ఇద్దరు మనుషులు నా వెలుగు కేసి చూసిన ఆ చూపు.

గురువారం మధ్యాహ్నం నూట యాభై బొమ్మలు పూర్తయ్యాయి. వెన్నెల అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, చప్పుడు కలిపి నడిపింది. దుప్పటి ఊగింది, ఫట్‌మంది, తీగ మీద వాలింది. సరిగ్గా పన్నెండు సెకన్లు. మణెమ్మ కళ్లు తుడుచుకుని, కంట్లో పొట్టు పడిందని చెప్పింది. వెన్నెల గెంట్‌కు పంపేసింది.

పంపాక ఒక ఫారం నింపాలి. వెన్నెల పైకి చదువుతూ నింపుతోంది. పేరు, ఊరు, బొమ్మల సంఖ్య. తర్వాతి గడి దగ్గర ఆగింది.

"అమ్మా, మనం సెకనుకు ఎన్ని ఫ్రేముల లెక్క గీసినం?"

"ఎన్నేంది? ఇరవై ఐదు."

"ఇక్కడ ఇరవై నాలుగని అడుగుతున్నరు."

మణెమ్మ లేచి, గీతలు గీసిన చార్టు కాగితం తీసి చూసింది. ఏ బొమ్మ ఎంతసేపు తెర మీద ఉండాలో రాసుకునే కాగితం అది. ఒక గడి అంటే ఒక ఫ్రేము, ఒక్కో బొమ్మ రెండు గడులు నిలుస్తుంది. పాత స్టూడియో మూసేటప్పుడు తెచ్చుకున్న కట్ట. యూరప్ టీవీలో సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు తిరుగుతాయి, అందుకని ఆ కాగితంలో ఇరవై ఐదో గడి దగ్గర మందమైన గీత అచ్చేసి ఉంటుంది. ఆ గీతే ఒక సెకను. ఇరవై ఏళ్లు ఆ గీతను చూసి లెక్కపెట్టిన కళ్లు అవి. కానీ ఇది టీవీ కాదు, సినిమా. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగే. ఆనెక్ మొదటి ఉత్తరంలోనే రాసింది. ముగ్గురూ చదివారు. చదివి, అలవాటైన కాగితం మీద అలవాటైన లెక్క వేశారు. వెన్నెల కంప్యూటర్ కూడా పాత లెక్కలోనే ఉండిపోయింది, కాబట్టి ఇంట్లో చూసినప్పుడు తప్పు తెలియలేదు.

గెంట్‌లో నడిపితే దుప్పటి దాదాపు అర సెకను ఆలస్యంగా దులుపుతుంది. చప్పుడు ముందు వస్తుంది, దుప్పటి తర్వాత కదులుతుంది.

"అర సెకనే గదా," అంది వెన్నెల.

"పిడుగు పడ్డంక మెరిసినట్టుంటది," అంది మణెమ్మ.

రజియా అప్పటికే కాగితాలు లెక్కపెడుతోంది. "నూట నలభై నాలుగు ఉండాలె, నూట యాభై ఉన్నయి. ఆరు తీసేద్దాం. నడుమ నడుమ ఒక్కొక్కటి. ఎవరికి తెలుస్తది?"

"తీసేసిన కాడ దుప్పటి ఎగురుతది."

"రేపు శుక్రవారం మణెక్కా."

"తెలుసు."

"ఆరు కాయితాలు. టీవీకి ఎన్నిసార్లు తీసేయలే మనం?"

"టీవీకి తీసేసినం. పిల్లలు బిస్కెట్లు తినుకుంట చూస్తరు. ఇది అట్ల గాదు. వాళ్లు మెషీన్ పక్కన పెట్టి చూస్తరు. మెషీన్ ఎగరదు."

రజియా ఫోన్ తీసి షాపామెకు చేసి, జవాబు మంగళవారం చెప్తానంది. అవతల ఆమె ఏమన్నదో తెలియదు. "జీ" అని రెండుసార్లు అని పెట్టేసింది. మణెమ్మ తప్పు ఒప్పుకుని ఆనెక్‌కు రాయించింది, సోమవారం దాకా గడువు అడిగింది. సోమవారం పొద్దున వస్తే చాలని, అదే రోజు మధ్యాహ్నం వాళ్లు చూస్తారని జవాబొచ్చింది.

ఆ తర్వాత వాళ్లు చేసినలాంటి పని నేను పాతికేళ్లలో చూడలేదు. ఆరు బొమ్మలు తీయాలంటే చుట్టూ ఉన్న నలభై బొమ్మలు మళ్లీ గీయాలి. బస్సులో ఒకరు దిగిపోతే మిగిలినవాళ్లందరూ కొంచెం కొంచెం జరిగి కూర్చున్నట్టు, ప్రతి బొమ్మా తన పక్కదానికి తగినట్టు జరగాలి. దుప్పటి వేగం ఎక్కడ పెంచాలో, ముసలావిడ మోచేయి ఎక్కడ ముందు కదలాలో ఇద్దరూ తగువులాడుకున్నారు. ఒక మడత దగ్గర మాటా మాటా పెరిగి గంటసేపు మాట్లాడుకోలేదు. ఆ గంటలో కూడా ఒకరు గీసిన కాగితం ఇంకొకరికి అందుతూనే ఉంది. రజియా వేళ్లు మగ్గం సూదుల వల్ల పగిలి ఉన్నాయి. కాగితం మీద రక్తపు చుక్క పడకుండా టేపు చుట్టుకుంది. ఆదివారం సాయంత్రం కొత్తవి పంపారు. పాత బొమ్మలను మణెమ్మ పారేయలేదు. రెండింటినీ ఒకే ఫైలులో పెట్టింది.

మంగళవారం నాలుగు గంటలకు ఆనెక్ వీడియో కాల్ చేస్తానంది. వెన్నెల ల్యాప్‌టాప్‌ను నా మీదే పెట్టింది. నా అద్దం మీద గెంట్ వెలుగు పడింది. చాలా ఏళ్ల తర్వాత. ఆనెక్ ముఖం అలసిపోయి ఉంది. వెనక గోడ నేను గుర్తుపట్టాను, అది మా పాత స్టూడియోదే. నేను ఉన్న చోట ఇప్పుడు కాఫీ యంత్రం ఉంది.

ఆమె నెమ్మదిగా ఇంగ్లీషులో చెబుతుంటే వెన్నెల తెలుగులో చెబుతోంది. ముందు యంత్రం చేసినది చూపింది. నున్నగా ఉంది. కానీ దుప్పటి ఊగే చోట ముసలావిడ వేళ్లు బట్టలో కరిగిపోయి, మళ్లీ మొలిచాయి. తర్వాత వీళ్ల మొదటిది, ఆలస్యంగా దులిపినది. తర్వాత రెండోది. అందరూ చూశారట. డబ్బు పెట్టేవాళ్లలో ఒకాయన, తన తల్లి అలాగే కోపంగా దులిపేదని అన్నాడట.

"చేత్తోనే తీద్దామని ఒప్పుకున్నరంట," అంది వెన్నెల.

రజియా చేతులు రెండూ నా అంచు మీద ఉన్నాయి. ఆ వేళ్లు నన్ను పట్టుకోవడం తెలిసింది.

"అల్లా," అంది మెల్లగా.

ఆనెక్ ఇంకా మాట్లాడుతోంది. వెన్నెల వింటోంది, తెలుగులో చెప్పడం లేదు. మణెమ్మ కూతురి మోచేయి తట్టింది.

"మూడు దేశాలు డబ్బు పెడుతున్నయి గదా అమ్మా. ఎవరి డబ్బు వాళ్ల దేశంల్నే ఖర్చు కావాలంట. రూలంట, నిన్ననే చెప్పిన్రంట. బొమ్మలు అక్కడ్నే గీయాలె. ఇప్పుడే కాలేజీ అయిపోయిన పిల్లలు పదిమంది ఉన్నరంట. కంప్యూటర్ మీద అన్ని వస్తయంట, ఇది మాత్రం రాదంట."

"అయితే?"

"ఆరు బొమ్మలు ఊరికె తీసేయకుంట సర్దినవు గదా. అది చూసి అడుగుతున్నరు. అట్ల సర్దుడు ఆ దేశాల్ల ఎవరికీ వస్తలేదంట. నిన్ను రమ్మంటున్నరు. ఒక ఏడాది. ఆ పిల్లలకు నేర్పనీకి."

నేను కర్రను. అయినా ఆ మాటకు నాలో ఎక్కడో బిగువు సడలింది. ఒకప్పుడు భారమని పెట్టెలో బిగించి ఓడెక్కించిన పనిని, ఇప్పుడు విమానం టిక్కెట్టు ఇచ్చి వెనక్కి పిలుస్తున్నారు. వాళ్లకు మంచి కాలం వస్తుందేమో. ఆ పదిమంది పిల్లలకు చెయ్యి వస్తే ఆ ఊళ్లో మళ్లీ బల్లలు చేస్తారేమో.

మణెమ్మ తెర వైపు ఒంగి, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే ఒక్క మాట అడిగింది. "రజియా?"

ఆనెక్ జుట్టు వెనక్కి తోసుకుంది. నేర్పేవాళ్లకు ఒక్కటే చోటు రాసుకున్నామని, క్షమించమని అంది. ఆ మాటను వెన్నెల తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. రేపటిలోగా చెబుతామని మణెమ్మ అంది. ల్యాప్‌టాప్ మూశారు.

"రాయి వెన్నెలా," అంది మణెమ్మ. "నేను రాను అని రాయి."

"అమ్మా, ఒక్కరోజు ఆగు. నేను హాస్టల్ల ఉంట. నాకేం గాదు."

"నీ గురించి గాదు. దుప్పటి గీసింది ఎవరు? నేను గీసిన్నా? ఆ రూలు రాసినోళ్లకు దుప్పటి ఎవరు గీసిన్రో తెలుసా?"

వెన్నెల రజియా వైపు చూసింది.

"చెప్పు రజియా," అంది మణెమ్మ. "పోనా? వద్దా? నువ్వేదంటె అది. నీ నోటితోని చెప్పు."

రజియా లేచి అలమర దగ్గరికి వెళ్లింది. పరీక్ష ఫైలు తీసుకొచ్చి నా మీద విప్పింది. పాత బొమ్మలు ఒక పక్క, కొత్తవి ఒక పక్క పెట్టుకుని వరుస చేయడం మొదలుపెట్టింది. ఒక పాతది తీసి నా మేకులకు తగిలించింది. దాని మీద, దాని బదులు గీసిన కొత్తది తగిలించింది. మళ్లీ పాతది, మళ్లీ కొత్తది. మణెమ్మ చూస్తూ ఉంది. పిల్లల ముందు పెట్టే వరుస అది. ముందు తప్పు చూపి, ఏది ఎందుకు జరగాలో అడిగి, తర్వాత ఒప్పు చూపడానికి. అప్పుడే తీసిపెట్టుకుంటే అక్కడికి వెళ్లాక వెతుక్కోనక్కర్లేదు. నలభై జతలు పట్టేటంత పొడవు నా మేకులకు లేదు. పది జతలకొక కట్ట చేసి, క్లిప్పు పెట్టి, కట్టల మీద పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేసింది. తొందరపడలేదు. ఒక కాగితం మూల మడతపడి ఉంటే గోటితో సాపు చేసింది.

"రజియా," అంది మణెమ్మ.

రజియా ఫోన్ మోగింది. మలక్‌పేట షాపు, మంగళవారం చెప్తానన్న జవాబు కోసం. ఆమె దాని వైపు చూసి, మోగనిచ్చి, నాలుగో కట్టను మిగతావాటి పక్కన నా అంచుకు సమంగా జరిపింది. మంగళవారం సాయంత్రం అయిదు కావస్తోంది. మణెమ్మ చెయ్యి కట్టల మీద వాలింది, తీసేయడానికో పట్టుకోవడానికో నాకు తెలియలేదు. రజియా వేలికున్న టేపు విప్పి ఉండచుట్టి డబ్బాలో వేసింది. గోడ మేకుకు తగిలించిన బురఖా తొడుక్కుంది. బ్యాగు భుజాన వేసుకుని, గడప అవతల చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.